అవతలి గట్టు కనపడే చోట

మేం పోస్టుకు చేరింది మార్చి చివర్లో. లారీ దిగేసరికి మంచూ వానా కలిసి పడుతున్నాయి. బూట్లు చీలమండల దాకా బురదలో దిగబడ్డాయి. వీపున సంచి, భుజాన రైఫిలు, చేతిలో రేకు పెట్టె. పోస్టు కమాండరు సుబేదార్ సాబ్ ఒక రాతి గోడ పక్కన గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు. సరిహద్దులో గొడుగు పట్టుకున్న సైనికుణ్ణి చూడటం నాకదే మొదలు.

"అటు చూడు. అదే అవతలి దేశం. బాగా చూసుకో. రేపట్నుంచి అటు తిరిగి చూసేవాళ్ళను చూడటమే నీ పని" అన్నాడు.

ఊరి పేరు చెప్పను. రిటైరై ఇంటికొచ్చినా కొన్ని అలవాట్లు పోవు. కాశ్మీరులో నియంత్రణ రేఖ మీద, లోయ అడుగున ఉన్న ఒక చిన్న ఊరనుకోండి, చాలు. లోయ మధ్యలో ఏరు. ఆ ఏరే సరిహద్దు. ఈ గట్టు మనది, ఆ గట్టు వాళ్ళది. వెడల్పు చెబితే మీరు నమ్మరు. పెనుకొండలో మా వీధి ఈ చివర నుంచి ఆ చివరికి అంతకంటే ఎక్కువే ఉంటుంది. అవతల ఇళ్ళున్నాయి, మసీదుంది, పిల్లలు గట్టున క్రికెట్ ఆడుకుంటారు. బంతి నీళ్ళలో పడితే పోయినట్టే.

మీరంతా నన్ను అడిగేది తుపాకుల గురించి. నేను వెళ్ళేసరికి అక్కడ కాల్పులు ఆగిపోయాయి. ఉన్నన్నాళ్ళూ ఒక్క గుండు పేల్చలేదు. కాల్పులు ఆగాక టూరిస్టులు మొదలయ్యారు. గట్టు మీద ఒక చదునైన జాగా చూసి, కమ్మీలు పాతి, వ్యూ పాయింటు అని బోర్డు పెట్టారు. నా డ్యూటీ అక్కడ. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా. ఒక విజిల్, ఒక ఎర్ర గుడ్డ ఇచ్చారు. ఏరును ఫోటో తీయొచ్చు. అవతలి ఊరినీ తీయొచ్చు. మన బంకర్లు, ముళ్ళకంచె, యాంటెన్నా, యూనిఫారం ఏదీ ఫోటోలో పడకూడదు. వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరి ఫోనూ చూడాలి. పడకూడనిది పడితే చెరపాలి. చెరిపినవి ఫోన్లో ఇంకోచోట దాక్కుంటాయి కదా, అక్కడా చెరపాలి. సైన్యంలో పద్దెనిమిదేళ్ళ సర్వీసు తర్వాత నా పని ఫోటోలు చెరపడం. నవ్వుకోండి, పర్వాలేదు. మా ఆవిడ కూడా ఫోన్లో పడీపడీ నవ్వింది.

ఆ పోస్టులో మన వైపు వాళ్ళం ముగ్గురం. నాది పెనుకొండ. రేడియో ఆపరేటరు నాగేంద్రది ధర్మవరం, మగ్గం నేసే ఇల్లు. వంటవాడు బాషాది హిందూపురం. సుబేదార్ సాబుకు మా ఊళ్ళు ఒకే రైలు లైను మీద ఉన్నాయని తెలిసింది. అప్పట్నుంచి మమ్మల్ని స్టేషన్ పేర్లతోనే పిలిచేవాడు. "ఒరేయ్ ధర్మవరం, రిపోర్టు పంపావా?" "హిందూపురం, టీ ఏదీ?" అట్లా. నలభై మంది మధ్యలో మా తెలుగు మాకే.

మొదటి రోజు సాయంత్రం నాగేంద్ర నాతో పాటు గట్టుకు వచ్చాడు. నీళ్ళ వైపు చాలాసేపు చూశాడు.

"ఇదేందన్నా, ఏరంటే ఇట్లా గూడా ఉంటాదా? రేయీపగలూ పార్తానే ఉండాదే" అన్నాడు.

"మా పెన్నేట్లో పారేది లారీలప్పా, నీళ్ళు కాదు" అన్నాడు బాషా వెనక నుంచి.

నిజమే. మా జిల్లాలో ఏరు అంటే ఇసుక. చిత్రావతిలో ఎండాకాలం పెళ్ళి జనం చెప్పులు చేత పట్టుకుని నడిచిపోతారు. ఏట్లో మనిషి పోయాడంటే తాగి పోయి ఉంటాడు, లేకపోతే ఇసుక గుంట కూలి ఉంటుంది. నీళ్ళు మనిషిని తీసుకుపోవడం మేం సినిమాల్లో చూసిందే.

ఏప్రిల్ నుంచి బస్సులు పెరిగాయి. రోజుకు రెండు మూడు వందల మంది. సరిహద్దు చూడ్డానికి వచ్చే మనిషి ఊరికే రాడు, ఏదో ఒకటి మనసులో తయారు చేసుకుని వస్తాడు. ఒకడు కమ్మీ పట్టుకుని ఛాతీ విరిచి, కళ్ళెర్రజేసి ఫోటో దిగుతాడు. ఫోటో అయిపోగానే మొహం మామూలైపోతుంది, పల్లీలు కొనుక్కుంటాడు. కొత్త జంటలు రెండు చేతులతో గుండె ఆకారం చేసి, అందులో అవతలి మసీదు గుమ్మటం ఇరుక్కునేట్టు తీయించుకుంటారు. ఒక పెద్దాయన నీళ్ళు దోసిట్లో తీసుకుని కళ్ళకద్దుకున్నాడు, ఎందుకని నేను అడగలేదు. ఒకామె ఏడ్చింది. ఎవరైనా పోయారా అమ్మా అంటే, లేదు, ఊరికే ఏడుపొచ్చింది అంది. నినాదాలు చేసేవాళ్ళు రోజుకు ఒక్క బస్సైనా ఉండేవాళ్ళు. విజిల్ ఊదితే ఆపేవాళ్ళు.

అవతలి గట్టునా ఇదే తంతు. అక్కడా బస్సులు, అక్కడా కమ్మీలు. వీళ్ళు వాళ్ళను తీస్తారు, వాళ్ళు వీళ్ళను తీస్తారు. చేతులూపుకుంటారు. అక్కడా విజిల్ ఊదేవాడు ఒకడుండేవాడు. పొట్టివాడు, కొంచెం కుంటి నడక. నా విజిల్ కంటే వాడి విజిల్ గట్టిగా మోగేది. మేమిద్దరం ఎన్నడూ చెయ్యి ఊపుకోలేదు. ఊపితే రిపోర్టు రాయాలి. కానీ వాడు ఒక వారం కనపడకపోతే నాకు తోచలేదు, జ్వరమేమో అనుకున్నాను.

మొదట్లో కొన్ని ఫోటోలు చెరపాలంటే కష్టంగా ఉండేది. ముసలావిడ పక్కన మనవరాలు, ఇద్దరూ నవ్వుతూ, వెనకాల మన బంకరు. బతిమాలేవాళ్ళు. కొరివితో తల గోక్కోవడం ఎందుకని చెరిపేసేవాణ్ణి. నెల తిరిగేసరికి ఏ మొహమూ నాకు కనపడటం మానేసింది. వెనకాల ఏముందో అదే కనపడేది.

జూన్ వచ్చింది. పైన మంచు కరిగింది. ఏరు రంగు మారింది. పచ్చగా ఉండే నీళ్ళు బూడిద రంగుకు తిరిగాయి, చప్పుడుకు పక్కవాడి మాట వినపడేది కాదు. దిగువ బంకరుకు పోయే బాటలో ఒక వాగు వచ్చి ఏట్లో కలుస్తుంది. వాగు మీద రెండు దుంగలు పక్కపక్కన వేసి ఉంటాయి, అదే దారి. ఆ రోజు సాయంత్రం ఐదున్నరకు నాగేంద్ర దిగువ బంకరు వైర్‌లెస్ సెట్టుకు అదనపు బ్యాటరీ తీసుకుని బయల్దేరాడు. రోజూ పోయే దారే. వాడు పోతూ నా దగ్గర అగ్గిపెట్టె అడిగి తీసుకున్నాడు. సెట్టు దగ్గర వాడి బదులు నేను కూర్చున్నాను.

ఆరు దాటాక దిగువ బంకరు పిలిచింది.

"ఆల్ఫా, ఇక్కడ బ్రావో. బ్యాటరీ ఇంకా రాలేదు. ఓవర్."

"బ్రావో, బయల్దేరి అరగంట దాటింది. దారిలో చూడు. ఓవర్."

"చూశాం. ఎవరూ లేరు. ఓవర్."

"మళ్ళీ చూడు. ఓవర్."

కాసేపటికి బ్రావో మళ్ళీ మాట్లాడింది. "ఆల్ఫా, వాగు మీద ఒకే దుంగ ఉంది. ఓవర్."

నేను ఓవర్ అనలేదు.  సెట్టు అట్లాగే గుర్రుమంటూ ఉంది.

వెతికాం. టార్చీలు, తాళ్ళు, పొడుగు కర్రలు. పొద్దున్నే మా ఆఫీసర్లు ఫోన్ చేసి అవతలివాళ్ళకు చెప్పారు. వాళ్ళూ వెతికారు. అది నేను కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను. వాళ్ళ గట్టు వెంబడి ఆరేడుగురు సిపాయిలు కర్రలతో నీళ్ళలో పొడుస్తూ దిగువకు పోయారు. విజిల్ పొట్టివాడు కుంటుకుంటూ వెనకాల నడిచాడు. ఏమీ దొరకలేదు. బ్యాటరీ కూడా దొరకలేదు. ఆచూకీ లేదు అన్నారు. పై ఆఫీసు వాళ్ళు చనిపోయినట్టే లెక్క అన్నారు. శవం లేదు కాబట్టి ఇంటికి పంపడానికి వాడి పెట్టె ఒక్కటే మిగిలింది.

తర్వాతి వారం వ్యూ పాయింటు మళ్ళీ తెరిచారు. మొదటి బస్సు దిగగానే ఒకాయన నా దగ్గరికొచ్చి, నీళ్ళు ఇంకా దగ్గరగా కనపడేట్టు ఎక్కడ నిలబడాలి అని అడిగాడు. చూపించాను. నాకు ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. తిన్నాను, పడుకున్నాను, విజిల్ ఊదాను. బాషా ఇంటి నుంచి తెచ్చుకున్న రాగి పిండితో ఆదివారాలు మా ముగ్గురికీ సంగటి చేసేవాడు. ఆ ఆదివారం అలవాటు కొద్దీ మూడు ముద్దలు చేశాడు. మూడో ముద్ద ఏం చేయాలో తెలియక పోస్టు కుక్కకు వేశాడు. అది తిన్నాక దాన్ని బండ బూతులు తిట్టాడు. ఆ తర్వాత సంగటి చేయలేదు.

అక్టోబరులో హిందూపురం నుంచి ఒక టూరిస్టు బస్సు వచ్చింది. కాశ్మీరు యాత్ర ప్యాకేజీ అట. తెలుగు వినపడేసరికి బాషా గరిటె చేత్తో పట్టుకునే పైనుంచి పరిగెత్తుకొచ్చాడు. ఆ గుంపులో పండ్లమ్మే ఒకాయనది బాషా వాళ్ళ పక్క వీధేనట. బాషా అతన్ని వదల్లేదు.

"మార్కెట్టు కాడ బేకరీ ఉండాదా, ఎత్తేసినారా? బస్టాండు రోడ్డు ఏసినారా?"

"ఏసినారప్పా, మళ్ళా తవ్వినారు."

గుంపుకు దూరంగా ముప్పై దాటని ఆడమనిషి ఒకామె కమ్మీ దగ్గర నిలబడి ఉంది. ఫోటోలు తీయట్లేదు. నీళ్ళ వైపు చూడట్లేదు. నా ఛాతీ మీది పేరు చదువుతోంది.

"పెనుకొండన్న నువ్వేనా? ఆయన సెప్పేటోడు. నేను నాగేంద్ర ఇంటిదాన్ని. లలిత" అంది.

 పక్కన ఆమె తమ్ముడు, వాడి పెళ్ళాం. తమ్ముడు హిందూపురంలో ఫ్యాక్టరీలో పని చేస్తాడు. మామూలుగా అడిగితే ఇక్కడికి రానీయరని, ప్యాకేజీలో ముగ్గురికీ సీట్లు వేయించి తీసుకొచ్చాడు. గుల్మార్గు, దాల్ సరస్సు అన్నీ చూసుకుంటూ వచ్చారు. పడవలో కూర్చోబెట్టి ఆమె మెడలో పూలదండ వేశారంట. ఆమె అది చెబుతుంటే నేను నేల చూశాను.

"ఆయన పోయిన తావు సూడాలన్నా" అంది.

సుబేదార్ సాబుకు సెట్టులో చెప్పాను. జవాబిచ్చాడు. "తీసుకెళ్ళు. పది నిమిషాలు. ఫోన్లు పైనే పెట్టి వెళ్ళాలి. అక్కడ ఫోటో తీయడానికి లేదు. ఓవర్."

వాగు కలిసే చోటికి ఆమెను దింపాను. చలికాలం ముందు ఏరంతా తగ్గిపోతుంది కానీ ఆ చోట తగ్గదు. రెండు బండల మధ్య నుంచి నీళ్ళు సన్నగా దూరి, కింద గుండంలో పడి సుడి తిరుగుతాయి. నేను ఒక చెక్కముక్క వేశాను, చూడమని. అది తిరిగి పైకి రాలేదు. ఎందుకు వేశానో నాకే తెలియదు. లలిత బండ మీద కూర్చుంది. ఏడవలేదు. చెయ్యి నీళ్ళలో పెట్టి వెంటనే తీసేసుకుంది, అంత చల్లదనం.

"సాలన్నా. నాకు తెలిసిపాయ. ఈన్నుంచి ఎవరూ రారు" అంది.

పైకి ఎక్కేటప్పుడు అసలు సంగతి చెప్పింది. వాళ్ళత్త, నాగేంద్ర తల్లి, కొడుకు పోయాడంటే నమ్మడం లేదు. ఏట్లో పడి మనిషెట్లా పోతాడు అంటుంది. ఆమె ఎరిగిన ఏరు చిత్రావతి ఒక్కటే. పైగా నాగేంద్రే ఆమె భయపడకుండా ఫోన్లో అదే చెప్పాడు. చిన్న ఏరమ్మా, మన చిత్రావతి మాదిరే, అవతల టీ తాగేటోళ్ళు గూడా కనపడ్తారు అని. అది పట్టుకుంది ముసలామె. నా కొడుకు జారి అవతల గట్టున తేలినాడు, పాకిస్తానోళ్ళు పట్టి పెట్టుకున్నారు, వదుల్తారు అంటుంది. దర్భలతో బొమ్మ చేసి కర్మ చేద్దామని పెద్దలు కూర్చుంటే, చీపురు తీసుకుని తరిమింది.

"పొద్దున్నే లేసి నా నొసట ఆమే బొట్టు పెడ్తాది. గాజులు సూస్తాది, పగిలినాయేమో అని. బయటికొస్తే ఈదిలో ఆడోళ్ళంతా నా నొసలే సూస్తారు. పేరంటానికి పిల్వరు, పిల్వకుండా ఉండేదానికీ వాళ్ళకు గుబులే. నేనేమన్నట్టన్నా? ముత్తైదునా, కానా? ఏదో ఒకటి తేలనీ. ఏదైనా మోస్తా. ఈ నడిమధ్యన నా వల్ల కాదు."

ఇంకోటి కూడా ఉంది. ఇంట్లో మగ్గం ఒక్కటే. నాగేంద్ర చివరి సెలవులో సరదాకు ఒక చీర మొదలుపెట్టి, సగం నేసి వెళ్ళాడు. ఆ చీర అట్లాగే మగ్గం మీద ఉంది. తల్లి దాన్ని పంచె కప్పి ఉంచింది. లలితకు నేత వచ్చు, కూర్చోనీయదు. నేసేవాళ్ళలో ఒక పట్టింపు ఉంది. ఒకరు మొదలుపెట్టిన చీరలో ఇంకొకరు కూర్చోకూడదు. పోగును బిగించే దెబ్బ ఒక్కో చేతిది ఒక్కో బరువుగా పడుతుంది. చెయ్యి మారిన చోట చీరకు అడ్డంగా గీత పడి కనపడుతుంది, కొనేవాడు వేలు పెట్టి చూపిస్తాడు. కొడుకొచ్చి ముగిస్తాడు, అంతవరకూ ఎవరూ తాకొద్దు అంటుందట ముసలామె.

"ఆమెకు ఏరు సూపియ్యాలన్నా. నేను నోటితో సెప్తే వినదు. ఫోటో సూస్తే నమ్ముతాది. నువ్వు తీ. భయంగా కనపడేట్టు తీయన్నా."

నేను వేల ఫోటోలు చెరిపినవాణ్ణి. తీయమని నన్ను అడిగింది ఈమె ఒక్కతే. వాగు కలిసే చోట తీయడానికి లేదు. వ్యూ పాయింటు నుంచే తీయాలి. తమ్ముడి ఫోన్ తీసుకున్నాను. ఆమెను కమ్మీకి ఆనించి నిలబెట్టాను. ఫోన్లో చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. అక్టోబరులో అక్కడ ఏరు అద్దం. ఆకాశమంతా నీళ్ళలో ఉంది. వాల్‌నట్ చెట్లు పసుపు రంగుకు తిరిగాయి. ఎండ మెత్తగా పడుతోంది. కింద గులకరాళ్ళు ఒక్కొక్కటి లెక్కపెట్టుకోవచ్చు.

నేల మీద కూర్చుని తీశాను, నీళ్ళు పెద్దవిగా కనపడతాయని. కనపడలేదు. ఎడమ పక్కకు జరిగితే దిగువన తెల్లటి నురగ పడుతోంది, అది కావాలి నాకు, కానీ దాంతో పాటు బంకరు కప్పు, యాంటెన్నా పడుతున్నాయి. మూడు తీసి మూడూ నేనే చెరిపాను. కుడికి జరిగితే అవతలి గట్టు మొత్తం పడుతోంది. బస్సు దిగిన జనం, స్వెట్టర్లు, పిల్లలు, టీ కాస్తూ పొగలు కక్కే సమోవారు. వాళ్ళు ఈమె ఫోటో దిగుతోందని చూసి చేతులూపుతున్నారు.

"ఇట్ల తీస్తే బాగనే వస్తాది అన్నా. ఎంత బాగుండాది సూడు సీనరీ" అంది తమ్ముడి పెళ్ళాం. ఆ పిల్ల మనసులో ఏమీ లేదు. సరిహద్దు చూడ్డానికి వచ్చింది, చూసింది.

తమ్ముడు అలవాటు కొద్దీ, "కొంచెం నగుక్కా" అన్నాడు. అనేసి నోరు మూసుకున్నాడు.

లలిత నవ్వలేదు. తీశాను. ఫోన్ చేతికిచ్చి, "ఇది చూపించొద్దమ్మా. జూన్‌లో ఇట్లా లేదు. దీన్ని చూస్తే ఆమె ఇంకోటి అనుకుంటుంది" అన్నాను.

"ఏదో ఒకటి ఉండాల గదన్నా సేతిలో. ఉత్త సేతుల్తో పోయి ఏం సెప్పేది? నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు. సూపిస్తా" అంది.

రూలు ప్రకారం ఆ ఫోటోను నేనే పరిశీలించాలి. వెనకాల బంకరు లేదు, కంచె లేదు, యూనిఫారం లేదు. చెరపడానికి ఏ కారణమూ దొరకలేదు. బస్సు మూడున్నరకు వెళ్ళిపోయింది. బాషా వాళ్ళకు దారి కోసం పులిహోర కట్టిచ్చాడు. అవతలి గట్టున పొట్టివాడు విజిల్ ఊది జనాన్ని బస్సుల వైపు తోలుతున్నాడు.

మరుసటి ఏడు నా సర్వీసు ముగిసింది. రైల్లో ఇంటికొచ్చాను. ధర్మవరంలో బండి చాలాసేపు ఆగింది. ప్లాట్‌ఫారం మీద పట్టుచీరల మూటలు దించుతున్నారు. దిగుదామా అనుకున్నాను. పెట్టె బరువుగా ఉంది, మా ఆవిడ స్టేషనుకు వచ్చి ఉంటుంది అని చెప్పుకున్నాను. పెనుకొండలోనే దిగాను. ఇల్లు, కాఫీ, చుట్టాలు. నువ్వేమీ మారలేదప్పా అన్నారందరూ.

మా కోటకు ఆదివారాలు బెంగళూరు నుంచి కుర్రాళ్ళు బైకుల మీద వస్తారు. ఒకరోజు కొండ దారిలో నడుస్తుంటే ఒకడు ఫోన్ చేతికిచ్చి, "అంకుల్, గోడ మొత్తం పడేట్టు తీయండి" అన్నాడు. తీశాను. తీసి, ఫోటో ఒకసారి పరిశీలనగా చూసి, చెరిపేసి, ఫోన్ తిరిగి ఇచ్చాను. వాడు తెల్లమొహం వేశాడు. నా వేలు చేసిన పని నాకే తర్వాత తెలిసింది. మళ్ళీ తీసిచ్చాను. ఇంటికొచ్చి మా ఆవిడతో చెబితే ఈసారి ఆమె నవ్వలేదు. "ధర్మవరం పోయిరా. నువ్వు పోకుంటే ఇది పోదు" అంది.

పోయాను. బస్టాండు నుంచి నడిచాను. నేతగాళ్ళ వీధిలో ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు. ఒక్క గుమ్మం దగ్గరే చప్పుడు లేదు. అడగకుండానే ఆ ఇంట్లోకి వెళ్ళాను.

నాది పెనుకొండ అనగానే ముసలామె నన్ను పట్టుకుని, "రా నాయనా, రా. వాడు నీ మాట సెప్పని దినం లేదు" అని మంచం మీద కూర్చోబెట్టింది. ఆరోగ్యంగా ఉంది. మాటలో వణుకు లేదు. లలిత నీళ్ళు తెచ్చిచ్చింది. నొసట రూపాయంత బొట్టు. మొహం మాత్రం ఏడాదిలో పదేళ్ళు పెరిగింది. గుంట మగ్గం మీద తెల్ల పంచె కప్పి ఉంది. దాని పక్క గోడకు, దేవుడి పటాలకు కొంచెం కిందగా, నేను తీసిన ఫోటో ఉంది.

స్టూడియోలో పెద్దది చేయించి అద్దం కట్టించారు. గోడకు సగం ఉంది. కానీ అందులో లలిత లేదు. ఆమెను కత్తిరించేశారు. ఏరు కూడా కింద ఒక నీలం చార మాత్రమే. మిగిలిందంతా అవతలి గట్టు. పెద్దది చేయడం వల్ల మొహాలన్నీ చెదిరిపోయి, రంగు మచ్చల్లాగా ఉన్నాయి.

ముసలామె లేచి పోయి ఒక మచ్చ మీద వేలు పెట్టింది. బూడిద రంగు స్వెట్టరు వేసుకున్న మనిషి, కుడి చెయ్యి పైకెత్తి ఉన్నాడు.

"ఈడుండాడు సూడప్పా. ఆ నిలబడే తీరు సూడు. సెయ్యెత్తి పిలుస్తాండాడు. కొంచెం సిక్కినాడు, అంతే. నువ్వు ఆడ ఉన్నోడివి గదా, నువ్వు సెప్పు దీనికి. ఇది నమ్మదు."

లలిత గడపకు ఆనుకుని నిలబడి నా వైపే చూస్తోంది.  ఇన్నాళ్ళూ ఆ ఇంటికి ఆ చోటును చూసినవాడు ఎవడూ రాలేదు. నేను ఊ అంటే ఆమె బతుకంతా ఆ బొట్టు అట్లాగే ఉంటుంది. ఊహూ అంటే ఈ తల్లి చేతిలో ఏమీ మిగలదు. నాకు భయం వేసింది. ఆ పోస్టులో ఉన్నన్నాళ్ళూ వేయని భయం.

"వాడు కాదు పెద్దమ్మా. వీళ్ళు చూడ్డానికి వచ్చిన జనం. టూరిస్టులు. రోజుకో బస్సు వస్తుంది, చేతులూపి పోతారు. ఆ మనిషిని నేను చూశాను, నాగేంద్ర కాదు. నాగేంద్ర పోయింది వేరే చోట. అక్కడ నీళ్ళు నేను చూశాను. అక్కడ్నుంచి మనిషి రాడు. మన చిత్రావతి కాదది" అన్నాను.

ఆమె నా మీద కోప్పడలేదు. పసిపిల్లాడికి చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"నీకెట్ల తెలుస్తాది నాయనా? నువ్వు ఈ గట్టునే ఉండావు."

 

లలిత గడప వదిలి లోపలికొచ్చింది. మగ్గం మీది పంచె లాగి, మడిచి, మంచం మీద పెట్టింది. ఎర్ర పట్టు, ఆకుపచ్చ అంచు, ఏడాదికి పైగా మూసి ఉన్నా రంగు చెడలేదు. గుంటలోకి దిగి కూర్చుంది. కాళ్ళతో తొక్కుడు చెక్కలు వెతుక్కుంది. అడ్డపోగు వేసే నాడెలో దారం సరిచూసుకుంది. అత్త వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. నాడె విసిరింది. మొదటి దెబ్బ వేసింది.

ముసలామె వెనక్కి తిరగలేదు. వద్దే అని అరుస్తుందనుకున్నాను, అరవలేదు. రెండో దెబ్బ పడింది. మూడోది పడింది. దెబ్బ దెబ్బకూ ఆ గోడ అదురుతోంది, గోడతో పాటు అద్దం అదురుతోంది. అద్దంలో అవతలి గట్టు జనమంతా అదురుతున్నారు. ఆ మనిషి కదిలిపోకుండా ముసలామె వేలితో అట్లాగే నొక్కి పట్టుకుని ఉంది.